వేలిముద్ర పడని పత్రం

సుభాషిణి పప్పులో తాలింపు వేస్తుండగా వంటగది గోడ మీద కొత్త పరిశోధనా పత్రం వెలిగింది. పసిపిల్లల జ్వరం మందు గురించి. యంత్రం అప్పటికే చదివేసి, ప్రచురించవచ్చని తేల్చేసింది. సమీక్షకురాలిగా ఆమె వేలిముద్ర ఒక్కటి పడితే చాలు.

"వేసెయ్యి, పనైపోతుంది," అన్నాడు భర్త మృత్యుంజయం.

ఎందుకో మనసొప్పక, పొయ్యి ఆపి చదవడం మొదలుపెట్టింది. రెండు వేర్వేరు ఊళ్ల పిల్లల జ్వరాలు ఒకే అంకెల్లో ఎక్కి, ఒకే అంకెల్లో దిగాయి. ఆమె భర్త వైపు తిరిగింది.

"ఇవన్నీ కల్పించిన లెక్కలండీ!"

"యంత్రాన్ని కాదంటే నిన్ను సమీక్షల్లోంచి తీసేస్తారు. రేపు నీ పత్రాలూ ఎవరూ ప్రచురించరు."

ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా కారణం రాసి, తిరస్కరించి పంపింది.

వెంటనే గోడ మీద జవాబొచ్చింది. "మీరు చాలాసేపు చదివారు. ఒంట్లో బాగానే ఉందా? పత్రాన్ని మీ కారణంతో సహా మరొకరికి పంపాం."

అన్నం ముందు కూర్చున్నారు గాని ఇద్దరి చూపూ గోడ మీదే ఉంది. ఆ రెండో మనిషెవరో చదవకుండానే క్షణంలో ముద్ర వేసేస్తాడని ఆమె భయం. గోడ మళ్లీ వెలిగింది.

"రెండో సమీక్షకుడు ఇంకా చదువుతున్నారు."

మృత్యుంజయం కంచం పక్కకు జరిపి, గొంతు తగ్గించి అన్నాడు: "చదవనీ."