కొలతకందని లక్సా

ఏ దేశపు వంటైనా గోడకున్న పెట్టెలోంచి వచ్చేస్తున్న రోజులవి. పెట్టెకు రుచులు నేర్పే ఉద్యోగి ఒకడు విశాఖ నుంచి మలేషియాలోని పెనాంగ్ దీవికి వచ్చాడు. అక్కడ సముద్రపు ఒడ్డున సింహాచలమ్మ లక్సా బండి ఉంది. చింతపండు పులుసు, చేప, బియ్యపు సేమియా కలిపి చేసే ఆ లక్సాను మూడు రోజులు వెంట తెచ్చిన పెట్టెకు రుచి చూపించాడు. తనూ గిన్నె నాకినంత పని చేశాడు.

"మూడు రోజులూ ముగ్గురు వేర్వేరు వంటవాళ్లు వండారంటోందమ్మా పెట్టె. ఒక్క కొలత చెప్పండి."

"సేప రోజూ ఒక్కలాగుంటాదేటి బాబూ? దాన్ని బట్టే పులుపేస్తాను."

"కొలత లేకపోతే పెట్టెలో మీ పేరుండదు."

సింహాచలమ్మ అతనికి ఇంకో గిన్నె నింపింది.

"తినాలనున్నోళ్లని ఓడెక్కి రమ్మను. మా ముత్తాత మీ విశాఖ నుంచి అలాగే వచ్చేడు."