పసుపు దారం చేప

యాకుత్‌పురాలో చేపలమ్మే మహబూబ్ బీ పులస పొట్టలో కత్తి దించబోతుంటే కీర్తిప్రియ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు ఖాలా! దాని రెక్కకున్న పసుపు ప్లాస్టిక్ దారం నేను కట్టిందే. పులసలు గోదావరిలో ఎంత దూరం ఎదురీదుతున్నయో తెలుసుకోనీకి కట్టి వదులుతున్న. దారం మీద నా ఫోన్ నంబరుంది గదా! చేప దొరికితే ఒక్కరన్న చెప్పరేంది?"

ఏడాదిగా మోగని ఫోను మీది కోపమంతా ఆమె ఆ కొట్టు ముందే వెళ్లగక్కింది.

"నంబరెవరు చూస్తరు బేటీ? అది సర్కారు ముద్ర గదా!" మహబూబ్ బీ దారాన్ని మురిపెంగా నిమిరింది. "ఇది ఉంటేనే అస్లీ గోదావరి చేపని గిరాకీలకు నమ్మకం. లేకుంటే చెరువు చేపని మొఖం తిప్పుకుంటరు. అందుకే దారమున్నదాన్ని అస్సలు వదలొద్దని పట్టేటోళ్లకు గట్టిగ చెప్పిన."

కీర్తిప్రియ రేపు నది దగ్గరికి తీసుకెళ్లాల్సిన కొత్త దారాల కట్టను మెల్లగా సంచి అడుక్కి తోసింది.

మహబూబ్ బీ అది చూడనే చూసింది.

"ఇంక తెచ్చినవా? అల్లా నిన్ను సల్లగ చూడాలె! ఈసారి గుడ్లున్నవాటికి ఎక్కువ కట్టు బేటీ. అవే మస్తు అడుగుతున్రు."