ఎవరికీ రాని వణుకు

"మళ్లీ ఊదు," అన్నాడు అల్సీడ్.

న్యూ ఆర్లీన్స్‌లో ఇవాళ మా బారు తెరిచినప్పటి నుంచీ ఇదే గోల. ‘రేవు మీద వెన్నెల’ పాటను మొదట రికార్డు చేసినవాడు అల్సీడ్. తర్వాత ఎందరెందరో చేశారు. కానీ చివరి స్వరం దగ్గర ఆయన ట్రంపెట్ వణికినట్టు మరెవరిదీ వణకలేదు. రేపు దాన్ని రికార్డు చేయడం కుర్రాడు డెవాన్ వంతు.

డెవాన్ ఊదాడు. అల్సీడ్ మొహం చిట్లించాడు.

"ఆ కిటుకేదో చెప్పి చావొచ్చుగా, ముసలోడా! గోతిలోకి పట్టుకుపోతావా?"

అల్సీడ్ లేచి వాడి మూతి మీద గుద్దాడు. పెదవి చిట్లి ట్రంపెట్ మీద నెత్తురు కారింది. మరుక్షణం డెవాన్ పిడికిలి ఆయన దవడకు తగిలింది. ముసలాయన స్టూళ్లతో సహా కూలిపోయాడు. వాడు మళ్లీ మీదికి ఉరుకుతుంటే నేనే నడుం పట్టుకుని వెనక్కి లాగాను.

"పిచ్చెక్కిందా నీకు?" అని అరిచాడు డెవాన్.

అల్సీడ్ నెత్తురు ఉమ్మి నవ్వాడు.

"ఆ పాట రికార్డు చేసిన రోజు స్టూడియో ముందు పోలీసోడు లాఠీతో నా మూతి ఇలాగే పగలగొట్టాడురా. నల్లోడివి, ముందు గుమ్మంలోంచి పోతావా అన్నాడు. కొట్టి, ‘థాంక్యూ సార్’ అనమన్నాడు. అన్నాను. అనేసి లోపలికెళ్లి ఊదాను."

డెవాన్ పిడికిలి ఇంకా బిగిసే ఉంది. ముసలాయన దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నువ్వు తిరిగి కొట్టావు. ఆ వణుకు నీకు జన్మలో రాదు. బతికించావురా!"