కుండ గురించి విన్నపం

"చెల్లె, ఒక గ్లాసుంటే ఇయ్యవా?"

బస్సు దిగి వచ్చిన పెద్దాయన అడిగితే, బేరం తగిలిందని పుష్ప సంబరంగా గ్లాసు కడిగి ఇచ్చింది.

ఆయన ఆ గ్లాసుతో పక్క హోటల్ ముందున్న కుండలో నీళ్లు ముంచుకుని తాగాడు. గ్లాసు తిరిగిచ్చి వెళ్లిపోయాడు.

లోపల ఆమె మొగుడు విజేందర్ పగలబడి నవ్వాడు. పుష్పకూ నవ్వొచ్చింది.

కాసేపటికి ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

పెళ్లి కాగానే చిట్యాల రోడ్డు మీద నీళ్ల ప్లాంటు పెట్టారు. రేకుల షెడ్డు. ముందు మిషన్లు, వెనక కాపురం, రెంటికీ ఒకటే షట్టరు. పుస్తెలు తప్ప పుష్ప బంగారమంతా బ్యాంకులో కుదువలో ఉంది. మూసేసి పోదామన్నా పోయే దారి లేదు.

ఆ షట్టరు ఎత్తితే ముందుగా కనిపించేది సుక్కమ్మ కుండ.

సుక్కమ్మది పక్కనే చాయ్ హోటల్. మోకాళ్లు వంకరపోయిన ముసలామె. చాయ్ తాగినా తాగకున్నా, దారిన పోయేవాళ్లందరికీ గోలెమంత కుండలో నీళ్లు ఉచితం. వీళ్లు నిద్ర లేచేసరికే అది నిండి ఉండేది.

"ఉత్త బోరు నీళ్లే పోస్తుండొచ్చు. పైసలు లేకుంటే జనం ఏదైనా తాగుతరు," అన్నాడు విజేందర్.

"పరమేష్ లేకుంటే మన గతేంది?" అంది పుష్ప.

పరమేష్ ఆటో డ్రైవర్. రోజూ సాయంత్రం ఫ్యాక్టరీకని చెప్పి క్యాన్లు తీసుకుపోతాడు. ప్లాంటుకు ఊపిరి ఆ ఒక్క బేరమే.

"కుండ తియ్యుమని నువ్వే పోయి చెప్పరాదు?" అంది మళ్లీ పుష్ప.

"చాయ్ పోసినప్పుడల్లా అల్లుడా అంటది. ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

"అయితే ఉత్తరం రాస్త. డిగ్రీల బిజినెస్ లెటర్లకు మా క్లాసుల నాకే ఎక్కువ మార్కులు."

రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది.

'గౌరవనీయులైన పొరుగు వ్యాపారి సుక్కమ్మ గారికి. తమ సేవాభావం పట్ల మాకు అపార గౌరవం ఉన్నది. అయితే తమ కుండ మూలమున మా వ్యాపారమునకు కొంత అసౌకర్యం కలుగుచున్నదని సవినయ మనవి.'

'అసౌకర్యం' దగ్గర విజేందర్ ఈల వేశాడు. పుష్ప మురిసిపోయింది.

సుక్కమ్మ ఆ కవరును అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకు అక్షరం ముక్క రాదు బిడ్డా. నువ్వే సదువు."

ఈ సంగతి పుష్పకు తోచనే లేదు. వెనక్కి తీసుకుందామంటే, చాయ్ తాగేవాళ్లంతా చూస్తున్నారు.

చదివింది. ఒక్కో మాటకు గొంతు సన్నబడుతూ వచ్చింది.

"గీండ్ల నా పేరు ఏడున్నది?"

పుష్ప వేలు పెట్టి చూపించింది. సుక్కమ్మ ఆ చోటును తడిమింది.

"కుండతోని మీకు తిప్పలైతాంది, గంతేనా? గింతదానికి గన్ని మాటలెందుకు బిడ్డా. తీస్త."

"కోపం తెచ్చుకోకు పెద్దమ్మా..."

"కోపమెందుకు? మస్తు రాసినవు. నాకు గిప్పటిదాంక ఎవలూ ఉత్తరం రాయలే."

దాన్ని మడిచి బొడ్లో దోపుకుంది.

తెల్లారి కుండ లేదు. కొన్నాళ్లకు హోటల్ కూడా మూతపడింది. కుండ లేని జాగాలో తనకేం పనంటూ, కొల్లాపూర్ దగ్గర చెల్లెలి ఊరికి పోయిందన్నారు.

బస్సు దిగిన జనం కుండ ఉన్న చోటు చూసి, మళ్లీ బస్సెక్కుతున్నారు.

పరమేష్ ఆటో కూడా ప్లాంటు ముందు ఆగడం లేదు. చివరికి బస్టాండ్ దగ్గర అతన్ని ఇద్దరూ పట్టుకున్నారు.

"ఫ్యాక్టరోళ్లు ఎందుకు బందు పెట్టిన్రు? రేటు తగ్గిస్తమని చెప్పు," అన్నాడు విజేందర్.

పరమేష్ తల దించుకున్నాడు.

"ఫ్యాక్టరీ ఏడిదన్నా? ఎనక గల్లీలకెళ్లి సుక్కమ్మ ఇంట్ల దింపేటోన్ని. బోరు నీళ్లు తాగి నా కాళ్లు గిట్లయినయి, ఇంకెవలకూ కావద్దు అనేది."

"మాకెందుకు చెప్పలే?" అంది పుష్ప.

"తన పేరు చెప్తే కొత్త పెండ్లి పిల్లలు మొహమాటానికి పైసలు తీస్కోరన్నది. గిన్ని దినాలు మీ ప్లాంటును నడిపింది గా కుండనే వదినా."