గడియ పెట్టుకున్న ఒరెస్తె

పార్మా, 26 జులై 1943. ఆరు దుప్పట్లు ఉతికాను. రెండు గంపల టమాటాలు ఉడికించాను. ఫాసిస్టు ఒరెస్తెను దాచాను.

రాత్రి రేడియోలో ముస్సోలినీ దిగిపోయాడన్నారు. పొద్దున్నే జనం కర్రలు పట్టుకుని ఫాసిస్టుల మీదికి బయల్దేరారు. ఒరెస్తె నల్లచొక్కా ఎక్కడో పారేసి, బనియనుతో మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

“అక్కా, చంపేస్తారు! ఎక్కడైనా దాచు!”

“పెరట్లో మరుగుదొడ్డి ఉందిగా. వెళ్లి గడియ పెట్టుకో.”

గంటకోసారి లోపల్నుంచి అడిగాడు. “పోయారా అక్కా?”

“ఇంకా లేదు నాయనా. కూర్చో.”

జనం పొద్దున తొమ్మిదింటికే వెళ్లిపోయారు. దీపాలవేళకు తలుపు తట్టి పంపించాను.

పంతొమ్మిది వందల ఇరవై రెండులో వీడు మా ఆయన గొంతులో సీసాడు ఆముదం పోస్తే, ఆయన కూడా సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నారు. బాకీ చెల్లు.