ఏడుపు పరీక్ష

"ఏడవ్వే!" అంటూ షాపులో అద్దం ముందు చెల్లెల్ని గిల్లింది అక్క.

"రాకపోతే ఎలా ఏడవను?" కిసుక్కున నవ్వింది పెళ్ళికూతురు.

ఆమెవి ఊరికే మండే కళ్ళు, జిడ్డు రెప్పలు. షాపమ్మాయి పెట్టిన మస్కారా మండలేదు. రేపు పెళ్ళిలో కన్నీళ్ళకి కారుతుందో లేదో ఇక్కడే తేలాలి.

"మన కుక్కపిల్ల పోయిన రోజు గుర్తు తెచ్చుకో."

"పోలేదుగా! పక్కింట్లో తిని బలిసింది."

"సరే, విను. ఎల్లుండి పొద్దున్నే బాత్రూం తలుపు బాదుతూ 'ఇంకెంతసేపే' అని అరుస్తాను. లోపల ఎవరూ ఉండరు..."

అక్క కాటుక గడ్డం దాకా కారింది.

తన పీడ విరగడవుతోందని అక్క సంబరపడుతోందనుకుంది చెల్లెలు ఇన్నాళ్ళూ. అక్కను వాటేసుకుని బావురుమంది.

షాపమ్మాయి ఇద్దరి మధ్యా తల దూర్చి, చెల్లెలి రెప్పలు చూసి చప్పట్లు కొట్టింది.

"చెక్కుచెదరలేదండీ! అక్కగారికీ ఒకటి ప్యాక్ చేయనా?"