చూడండి అనకూడదు

"ఆగు. కూర్చో!"

వరప్రసాదం ఠక్కున ఆగిపోయాడు. మాట్లాడ్డం మొదలెట్టి నిమిషమైనా కాలేదు. 1969వ సంవత్సరం, బాపట్ల కాలేజీలో వ్యవసాయం చదివే ఆఖరి ఏడాది వాళ్ల సెమినార్. కిటికీలకి నల్లగుడ్డలు దించారు. గోడకి కట్టిన తెల్లటి తెర మీద అతని మొదటి స్లైడు వెలుగుతోంది. ముందు వరసలో కూర్చున్న ప్రొఫెసర్ వెంకట్రామయ్యగారు చెయ్యెత్తి ఆపేశారు.

"ఏం తప్పు చేశానండీ?"

"'ఇక్కడ చూడండి' అన్నావు. చూసుకోడానికైతే బొమ్మ చాలు. మధ్యలో నువ్వెందుకయ్యా?"

వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. నవ్వరూ మరి! నెల కిందట కూడా సరిగ్గా ఈ మాటకే కూర్చోబెట్టారు పెద్దాయన. ఇతన్నే కాదు, ఎవరినైనా అంతే. 'చూడండి' అంటే చాలు, ఒంటికాలి మీద లేస్తారు. అదేం తిక్కో ఎవరికీ అంతుబట్టదు. ఈసారీ కూర్చుంటే వరప్రసాదానికి ఏడాది పోయినట్టే. తోటివాళ్లు పట్టాలు పుచ్చుకుని పోతుంటే తను జూనియర్ల పక్కన చేరాలి. తలుచుకుంటేనే ఏడుపొచ్చింది.

"ఇంకొక్కసారి చెప్పనివ్వండి సార్. మీకు దణ్ణం పెడతాను."

"చెప్పు. తెర వైపు మెడ తిప్పకు. ఆ మాట నోట రానివ్వకు. వచ్చిందో, మళ్లీ వచ్చే ఏడే."

"కానివ్వండి బాబూ" అన్నాడు మెల్లగా, ప్రొజెక్టరు దగ్గరున్న అటెండరు యాకోబు.

వరప్రసాదం కళ్లు మూసుకున్నాడు. తెర మీద ఏముందో తనకి తెలియదా? అడిగి తెచ్చుకున్న కెమెరాతో తన చేత్తో తీసిన ఫోటోలే కదా!

"వరి చేను సార్. పచ్చగా ఉంది."

"ఏం పచ్చ?"

ఇదేం ప్రశ్న రా దేవుడా అనుకున్నాడు.

"చిలకపచ్చండి. నాట్లు వేసి పదిరోజులైంది. మూన తిరిగి, వేళ్లు పట్టి పైరు నిలబడింది."

"ఎక్కడిది?"

"రేపల్లె అవతల మా చేనండి. మడిలో వేలెడు లోతు నీళ్లు. ఆకాశం మొత్తం ఆ నీళ్లలోనే ఉంది సార్."

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలీదు. పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి "ఊఁ" అన్నారు.

ఆ 'ఊఁ' చాలు. వరప్రసాదం గట్టు దిగి చేలోకి వెళ్లిపోయాడు. హాలు లేదు, బెంచీలు లేవు. పాదాల కింద మెత్తటి ఒండ్రు. ప్రొజెక్టరు గుయ్యిమంటుంటే పైరు మీద గాలి అనిపించింది. "తర్వాతది" అన్నాడు నిద్రలో పలవరించినట్టు. యాకోబు స్లైడు మార్చాడు.

"పొద్దు గూకే వేళండి. ఆకు కొసన చిన్న రెక్కల పురుగు వాలింది. లేత పసుపు రెక్కలు. ఒక్కో రెక్క మీద ఒక్కో నల్ల చుక్క, చంటిపిల్లకి దిష్టిచుక్క పెట్టినట్టు. ఎంత ముద్దుగా ఉంటుందో! మన కొంప ముంచేది అదే. అక్కడే గుడ్లు పెట్టి, పైన నూగు కప్పేసి పోతుంది. దాని పిల్ల కాండం తొలుచుకుని లోపలికి దూరుతుంది. పైకేం తెలీదు సార్. ఓ పొద్దున వెళ్లేసరికి మొక్క నడిమి మొవ్వు ఎండిపోయి ఉంటుంది. పట్టుకు లాగితే ఇట్టే చేతికొచ్చేస్తుంది."

లాగినట్టే చెయ్యి పైకెత్తాడు. ముందు బెంచీలో ఒకమ్మాయి "అయ్యో" అంది. ఇందాక అందరికంటే గట్టిగా నవ్విన తెనాలి సుబ్బారావు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నోరు తెరుచుకు వింటున్నాడు.

"వాసనేమన్నా వచ్చిందా?" వెంకట్రామయ్యగారి గొంతు ఎక్కడో దూరం నుంచి వినిపించింది.

"వచ్చిందండి. కుళ్లిన గడ్డి వాసన. మా నాన్న రెండ్రోజులు అన్నం ముట్టలేదు."

"ఊఁ. తర్వాత?"

"ఇవి తెల్లకంకులు సార్. దూరాన్నించి చేనంతా పూసినట్టుంటుంది. దగ్గరికెళ్తే అన్నీ తాలే. గింజ లేదు కాబట్టే అంత నిటారుగా నిలబడ్డాయి. మా అమ్మ ఆ రోజు గట్టు మీదే కూలబడింది."

మూసిన కళ్లనే మోచేత్తో తుడుచుకున్నాడు. "ఆఖరిదండి" అన్నాడు.

"మరుసటి ఏడాది వేళకి పురుగుమందు చల్లాం. పండింది సార్! ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా బంగారమే. ఎండ మొత్తం వచ్చి మా చేలోనే కూర్చుంది."

బెల్లు కొట్టారు. అయినా ఎవరూ లేవలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా చప్పట్లు! వరప్రసాదం ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. తను రేపల్లెలో లేడు, బాపట్లలోనే ఉన్నాడు. కుర్రాళ్లు అతని భుజం తట్టి, కబుర్లు చెప్పుకుంటూ టీకి పోయారు. యాకోబు ప్రొజెక్టరు ఆర్పాడు. కిటికీల నల్లగుడ్డలు తప్పించాడు. గోడకున్న తెర విప్పి, చుట్టి చంకలో పెట్టుకున్నాడు. పడమటి కిటికీలోంచి ఎండ వచ్చి ఉత్త గోడ మీద పడింది.

వెంకట్రామయ్యగారు కుర్చీలోంచి లేవలేదు. గోడ వైపే తిరిగి చిన్నగా నవ్వుకుంటున్నారు. వరప్రసాదం చేతులు కట్టుకుని దగ్గరికి వెళ్లాడు. ఎదురుగా నిలబడినా పెద్దాయన చూపు అతని మీదికి తిరగలేదు.

"సార్... నేను పాసైనట్టేనాండీ?"

"భేషుగ్గా పాసయ్యావయ్యా! ఎన్నేళ్లయిందో నేనిలా చేలో తిరిగి." ఆయన గోడ మీది ఎండ వైపు చెయ్యి చాపారు. "యాకోబూ, ఆ చివరి స్లైడు అప్పుడే తియ్యకు. ఇంకాసేపు ఉండనీ."